తన దబ్బలోనే తన నాలుక: ఐను ప్రజల వెదురు ముక్కురి తయారీ, దాని నుండి సంఘ సంగీతానికి కొన్ని ప్రశ్నలు

పరిచయం

మన సంఘాలలో వాద్యం అనగానే హార్మోనియం, తబలా, తాళాలు, ఈ మధ్యకాలంలో కీబోర్డు గుర్తుకు వస్తాయి. జానెడు కూడా లేని వెదురు ముక్కకు దారం కట్టి, నోటి దగ్గర పెట్టుకొని, ఇది వాద్యం అంటే పిల్లల ఆటవస్తువు అనుకుంటాము. కాని అటువంటి వెదురు ముక్కను శతాబ్దాలుగా తమ గొంతుకు తోడుగా నిలుపుకున్న జనం ఉన్నారు. జపాను దేశపు ఉత్తర ద్వీపమైన హొక్కైడోలోని ఐను ఆదివాసులు దీనిని ముక్కురి అంటారు.

ఈ వ్యాసంలో ముక్కురిని చేతితో ఎలా తయారు చేస్తారో, అది ఎందుకు పలుకుతుందో మొదట వివరిస్తాను. ఆ తరువాత ఆ జనం మధ్యకు సువార్త వెళ్ళిన చరిత్రను కొంత చూసి, మన తెలుగు సంఘాలకు సంబంధించిన ఒక ప్రశ్నను పాఠకుల ముందు ఉంచుతాను. ఇంత దూరపు విషయం మనకెందుకు అనే సందేహం సహజమే. ఇంగ్లండుకు చెందిన జాన్ బాచిలర్ 1877లో హొక్కైడోలోని హకొదాతే రేవులో అడుగుపెట్టాడు. ఆ సమయంలోనే ఇక్కడ ఒంగోలు ప్రాంతంలో కరవు తాండవిస్తున్నది. మరుసటి సంవత్సరం, 1878 జూలై 3న, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. రెండుచోట్లా సువార్త అణగద్రొక్కబడిన జనం చెంతకే వెళ్ళింది. రెండుచోట్లా ఆ జనపు వాద్యం సంగతి ఏమి చేయాలన్న ప్రశ్న ఎదురైంది. జవాబులు మాత్రం ఒకటి కావు.

ముక్కురి అంటే ఏమిటి

కర్ణాటక సంగీత కచేరీలో మృదంగానికి తోడుగా వాయించే మోర్సింగ్‌ను చాలామంది చూసి ఉంటారు. గుర్రపు నాడా ఆకారంలో వంచిన ఇనుప చట్రం మధ్య సన్నని ఉక్కు నాలుకను బిగిస్తారు. చట్రాన్ని ముందు పళ్ళకు ఆనించి, నాలుక కొసను వేలితో మీటుతారు. ముక్కురి ఆ కుటుంబానికి చెందినదే, కాని రెండు ముఖ్యమైన తేడాలున్నాయి.

మొదటిది, దీనిని వేలితో మీటరు. ఒక కొసకు కట్టిన దారాన్ని కుదుపుతూ లాగుతారు. రెండవది, ఈ వ్యాసానికి ఆయువుపట్టు వంటిది. మోర్సింగ్‌లో చట్రం ఒకటి, నాలుక మరొకటి. కమ్మరి వేరుగా చేసిన నాలుకను తెచ్చి చట్రానికి బిగిస్తాడు. ముక్కురిలో నాలుకను బయటనుండి తెచ్చి అతికించరు. అదే వెదురు దబ్బ మధ్యలో రెండు సన్నని చీలికలు కోస్తే ఆ రెండింటి మధ్య మిగిలినదే నాలుక. దాని మొదలు దబ్బను విడిచిపెట్టదు, కొస మాత్రం విడుదల పొందుతుంది. మన దేశంలో అస్సాము ప్రజలు బిహు పండుగలో వాయించే గొగొనా కూడా ఈ పద్ధతిలో చేసినదే, కాని దానిని వేలితో మీటుతారు.

ఐనుల మధ్య ముక్కురిని ఎక్కువగా వాయించినవారు స్త్రీలు. దానికి వ్రాసిపెట్టిన బాణీలు లేవు. వాయించేవారు గాలిని, చూరు నుండి కారే వాన చుక్కలను, జంతువుల అరుపులను, తమ మనసులోని దిగులును అప్పటికప్పుడు వినిపిస్తారు. ఇది ప్రధానంగా క్రతువులకు కేటాయించిన వాద్యం కాదు. ఇంటి పనుల మధ్య, చలికాలపు సాయంత్రాలలో, మనసు విప్పుకోవడానికి వాయించుకునేది. మిషను చరిత్రను చర్చించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తయారీ

వెదురు ఎంపికతోనే సగం పని నిర్ణయమవుతుంది. హొక్కైడో చలి దేశం. అక్కడి కొండలలో సహజంగా పెరిగేది ససా జాతికి చెందిన సన్నని వెదురు. ఇప్పుడు తయారుచేసేవారు హోన్షూ ద్వీపం నుండి వచ్చే లావు వెదురును ఎక్కువగా వాడుతున్నారు. ఏ జాతి అయినా బాగా ముదిరినదై ఉండాలి. లేత వెదురు ఎండినప్పుడు ముడుచుకొని వంకర పోతుంది. కొట్టిన వెదురును నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి. వానలు వెనుకపట్టి చలి వచ్చాక కొట్టిన వెదురుకు పురుగు తక్కువగా పడుతుందని మన మేదర్లకు కూడా తెలుసు. ఆ కాలంలో గడలో పిండిపదార్థం తగ్గి ఉంటుంది.

రెండు కణుపుల నడుమ ఉన్న తిన్నని భాగాన్ని మాత్రమే తీసుకోవాలి. కణుపు దగ్గర నారలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని అడ్డదిడ్డంగా పోతాయి. ఈ వ్యాసకర్త తయారీని అర్థం చేసుకోవడానికి ఒక మేదర పెద్ద దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అన్న మాట ఇది: "అయ్యగారూ, కణుపు కాడ కత్తి మన మాట వినదండీ, ఎదురు మాటే వింటది." ఆ మాట పట్టించుకోక తెచ్చుకున్న మొదటి ముక్క చీలిక మధ్యలోనే పక్కకు పోయి పగిలింది.

గడను నిలువుగా చీల్చి, సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు గల దబ్బను తీస్తారు. దబ్బకు రెండు ముఖాలుంటాయి. బయటి ముఖం నునుపైన పచ్చ తోలు వైపు. లోపలి ముఖం మెత్తని గుజ్జు వైపు. వెదురులో బలమైన నారలు బయటి తోలుకు దగ్గరగా దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలుచబడతాయి. అందుచేత చెక్కవలసినది లోపలి వైపే. తోలు వైపు ఎంత మిగిలితే నాలుకకు అంత స్ప్రింగు గుణం మిగులుతుంది. తెలియనివారు అందంగా ఉంటుందని తోలు గీకివేస్తారు. అటువంటి ముక్కురి చూడడానికి నున్నగానే ఉంటుంది, కాని పలుకదు.

లోపలి వైపును చిత్రిక పట్టినట్లుగా కొద్దికొద్దిగా తీసి, దబ్బను కొన్ని మిల్లీమీటర్ల మందానికి తెస్తారు. తరువాత నాలుక గుర్తు గీస్తారు. నాలుక దబ్బ పొడవులో సగానికి పైగా ఉంటుంది. మొదలు వెడల్పుగా, కొస సన్నగా, పొడుగాటి త్రిభుజంలా ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది. దారం లాగే కొస వైపు నాలుక మొదలు ఉండాలి, ఎడమ చేతితో పట్టుకునే కొస వైపు నాలుక మొన ఉండాలి. కుదుపు మొదలు నుండి పోయి మొనను ఊపాలి. దీనిని తిరగేసి గీస్తే తరువాత ఎంత చెక్కినా లాభం లేదు.

ఇక చీలికలు కోయడం. పని అంతటిలో ఓర్పు కావలసినది ఇక్కడే. మొనదేలిన చిన్న కత్తితో గీత వెంబడి పదే పదే గీస్తూ పోవాలి. ఒక్కసారిగా అదిమితే వెదురు నారవారీగా చీలిపోతుంది. రెండు వైపుల నుండీ, తోలు పక్కనా గుజ్జు పక్కనా, మార్చి మార్చి గీస్తే చివరికి కత్తి మొన ఆవలికి తేలుతుంది. ఆ సందు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. సందు వెడల్పయితే గాలి తప్పించుకొనిపోయి శబ్దం నీరసిస్తుంది. మరీ ఇరుకయితే నాలుక చట్రానికి రాసుకొని కరకరలాడుతుంది. నాలుక ఎటూ తగలకుండా ముందుకూ వెనుకకూ స్వేచ్ఛగా ఊగేటంత చోటు చాలు. వెలుతురుకెదురుగా పట్టి చూస్తే నాలుక చుట్టూ సన్నని వెలుగు గీత సమంగా కనిపించాలి.

తరువాత నాలుకను పలుచన చేయడం. నాలుక మొదలు దగ్గర పలుచన చేస్తే అది మెత్తబడి నెమ్మదిగా ఊగుతుంది, స్వరం దిగుతుంది. మొన దగ్గర తీస్తే బరువు తగ్గి వేగంగా ఊగుతుంది, స్వరం ఎక్కుతుంది. కనుక తయారుచేసేవారు ఒకచోట కొంచెం గీకి, లాగి విని, మరొకచోట గీకి, మళ్ళీ వింటారు. తీసినదానిని తిరిగి పెట్టడం ఉండదు. నాలుక చుట్టూ ఉన్న చట్రాన్ని మాత్రం బలంగానే ఉంచాలి.

చివరిగా రెండు కొసలకూ రెండు దారాలు. ఎడమ కొస దారాన్ని చిన్న ఉచ్చుగా కట్టి ఎడమ చేతి వేలికి తగిలించుకుంటారు, పట్టు జారకుండా. కుడి కొస దారానికి చివర చిన్న పుల్ల ముక్కను కట్టి, దానిని కుడి చేతి వేళ్ళ మధ్య పట్టుకొని లాగుతారు. లాగడం అంటే బలం కాదు. దారం వదులుగా ఉండి, ఒక్కసారి బిగిసి, వెంటనే వదులు కావాలి. మొదట్లో ఎవరికైనా దారం చప్పుడు తప్ప ఏమీ వినబడదు. చాలామంది వెదురుదే లోపమనుకొని అక్కడే వదిలివేస్తారు.

ఊపిరి తేమకు వెదురు ఉబ్బుతుంది. ఎక్కువసేపు వాయిస్తే నాలుక సందులో ఇరుక్కుంటుంది. ఆరబెట్టి మళ్ళీ వాయించుకోవాలి. కొన్నాళ్ళకు నాలుక అలసిపోయి పగులుతుంది. అప్పుడు మరొకటి చేసుకోవడమే. తరతరాలు దాచిపెట్టుకునే వస్తువు కాదిది. తరతరాలు నిలిచేది చేయడం తెలిసిన చేయి.

అది ఎందుకు పలుకుతుంది

ముక్కురి నాలుకకు ఉన్నది ఒకే స్వరం. చేతిలో పట్టుకొని గాలిలో లాగితే సన్నని గీర వినబడి ఆగిపోతుంది. దానిని కొద్దిగా తెరచిన పెదవుల ముందు, చెంపకు ఆనించి పట్టినప్పుడు నోటి గది మొత్తం దాని కుండ అవుతుంది. ఊగే నాలుక సన్నని సందులోని గాలిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఆ ఒక్క స్వరంలోనే దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగం గల అనుస్వరాలు దాగి ఉంటాయి. నోటి ఆకారాన్ని బట్టి వాటిలో ఏదో ఒకటి బిగ్గరగా బయటికి వస్తుంది.

పాఠకులు శబ్దం చేయకుండా నోటిని అ, ఇ, ఉ అనే అచ్చుల ఆకారాలలోకి మార్చి చూడవచ్చు. మాట్లాడేటప్పుడు అచ్చులను వేరుచేసేది ఈ మార్పే. గొంతు తంత్రులు ఇచ్చే ధ్వనిని నోరు అచ్చుగా మలుస్తుంది. ఇక్కడ గొంతు స్థానంలో వెదురు ఉంది, అంతే తేడా. అందుకే దీనిని వింటున్నప్పుడు ఎవరో మాటలు లేకుండా మాట్లాడుతున్నట్లుంటుంది. ఒకే ముక్కురిని ఇద్దరు వాయిస్తే రెండు రకాలుగా వినబడుతుంది, ఎందుకంటే రెండు నోళ్ళు ఒక్కటి కావు.

ఏ నోరు మాట్లాడింది

ఆ నోటికి ఏమి జరిగిందో కూడా చెప్పాలి. 1869లో జపాను ప్రభుత్వం ఆ ద్వీపానికి హొక్కైడో అని పేరు పెట్టి తనలో కలుపుకుంది. ఐను స్త్రీలు పెదవుల చుట్టూ పచ్చబొట్టు వేయించుకునేవారు. 1871లో దానిని నిషేధించారు. 1899లో వచ్చిన "పూర్వ ఆదివాసుల రక్షణ చట్టం" పేరుకు రక్షణే. ఆచరణలో వేట, చేపల మీద బ్రతికే జనాన్ని వ్యవసాయదారులుగా మార్చి, పిల్లలకు జపాను భాషలో చదువు చెప్పి, ఐనులు ఐనులుగా మిగలకుండా చేసే ప్రయత్నం. ఆ చట్టాన్ని 1997లో గాని రద్దు చేయలేదు. ఐనులు ఆదివాసీ జనమని 2019 నాటి చట్టం స్పష్టంగా పేర్కొన్నది. ఈ లోగా భాష చాలావరకు పోయింది. 2009లో యునెస్కో దానిని అంతరించిపోయే అంచున ఉన్న భాషగా గుర్తించింది.

బాచిలర్ చర్చ్ మిషనెరీ సొసైటీ తరఫున ఈ జనం మధ్య పనిచేశాడు. బిరాతోరి గ్రామపు పెద్ద పెన్రి ఇంట ఉండి భాష నేర్చుకున్నాడు. 1889లో ఐను భాషకు నిఘంటువు ప్రచురించాడు, 1897లో క్రొత్త నిబంధనను ఐను భాషలో వెలువరించాడు. త్రాగుడు ఆ జనాన్ని నాశనం చేస్తున్నదని దానికి వ్యతిరేకంగా గట్టిగా పోరాడాడు. అయితే ఐనుల పూజలో దేవతలకు సారాయి సమర్పించడం ముఖ్య భాగం కనుక, అది త్రాగుడు మీద పోరాటమా, మతం మీద పోరాటమా అన్నది ఆ ప్రజలకు ఎప్పుడూ స్పష్టం కాలేదు. తరువాతి కాలంలో ఐను భాషా పండితుడు చిరి మషిహో ఆయన నిఘంటువులోని తప్పులను చాలా కఠినంగా విమర్శించాడు. ఆ విమర్శలో న్యాయం ఉంది. బయటివాడు చేసిన నాలుక అది. మోర్సింగ్ నాలుకలా బిగించబడినది.

కథ అక్కడితో ముగిసివుంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. బాచిలర్ పాఠశాలలో చదివిన ఐను స్త్రీలలో కన్నరి మత్సు (1875-1961) ఒకరు. ఆమె ఆంగ్లికన్ సంఘంలో సువార్త సేవకురాలిగా బిరాతోరిలోనూ, తరువాత అసహికవ దగ్గరి చికబుమిలోనూ పనిచేసింది. మిషను పాఠశాలలో నేర్చుకున్న రోమన్ అక్షరాలతోనే ఆమె తన తల్లి నోట విన్న యుకర్లను, అంటే ఐనుల వీరగాథలను, పదుల కొద్దీ నోటుపుస్తకాలలో వ్రాసిపెట్టింది. ఆమె పెంచిన మేనకోడలు చిరి యుకియె దేవతల గాథలు పదమూడింటిని ఐను భాషలోనూ జపాను భాషలోనూ సిద్ధం చేసి, 1922లో పంతొమ్మిదేళ్ళ వయసులో గుండె జబ్బుతో మరణించింది. ఆ పుస్తకం 1923లో వెలువడింది. పైన పేర్కొన్న మషిహో ఆమె తమ్ముడే.

ముక్కురి తయారీని మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకుందాము. ఐనుల నడుముకు వ్రేలాడే చిన్న కత్తిని మకిరి అంటారు. పిడినీ ఒరనూ వారే అందంగా చెక్కుకునేవారు, కాని అందులోని ఇనుప అలుగు వర్తకం ద్వారా బయటనుండి వచ్చినదే. కత్తి బయటిది, వెదురు లోపలిది. చీలిక కోసినది ఆ జనపు చేయి. మత్సు చేతిలో రోమన్ లిపి అటువంటి కత్తి అయ్యింది. సందర్భీకరణను గూర్చి మనం ఎన్ని నిర్వచనాలు చదివినా, "స్థానిక రూపంలో సువార్త సారం" అనే మాట దగ్గర ఆగిపోతుంటాము. అందులో రూపం వేరు, సారం వేరు, రెండింటినీ బిగించేవాడు వేరొకడు అనే ఊహ దాగి ఉంది. ముక్కురి ఆ ఊహను ప్రశ్నిస్తుంది. మిషను తెచ్చినది పదునైనదే కావచ్చు, కాని పలికేది జనపు దేహంలో నుండి విడుదలైన నాలుక.

ఏ పోలికా చివరిదాకా నడవదు. మత్సు వ్రాసిన గాథలలో ఎలుగుబంటి, గుడ్లగూబ, అగ్ని అన్నీ కముయ్‌లే, అంటే దైవశక్తులే. ఐనుల ఆచారంలో పాతబడి విరిగిన పనిముట్టును పారవేయరు; దాని ఆత్మను మర్యాదగా సాగనంపుతారు. క్రీస్తును ఒప్పుకున్న ఐను స్త్రీ తన విరిగిన ముక్కురిని ఏమి చేయాలి? విగ్రహారాధన అని ఒక్క మాటతో త్రోసివేయడం సులువు. సృష్టిని వాడుకొని పారవేసే మన అలవాటే బైబిలుకు దగ్గరగా ఉందని చెప్పడం మాత్రం అంత సులువు కాదు.

లేఖనాలలో వాద్యాలు, చేతిపని

ఆదికాండము 4వ అధ్యాయం వాద్యకారుల మూలపురుషుడైన యూబాలును, లోహపు పనివారి మూలపురుషుడైన తూబల్కయీనును ఒకే తండ్రి బిడ్డలుగా చూపుతుంది. వారు కయీను సంతతివారు. అంటే సంగీతం పుట్టుక పవిత్రమైన ఇంట జరిగినట్లు గ్రంథం చెప్పలేదు; అయినా ఆ కారణంగా దానిని త్రోసివేయలేదు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుని ఆత్మతో నింపబడిన బెసలేలు యాజకుడు కాడు, ప్రవక్త కాడు; లోహం, రాయి, కర్ర పని చేసే చేతిపనివాడు. దానియేలు 3వ అధ్యాయంలోని వాద్యాలు బంగారు ప్రతిమకు సాగిలపడమని పిలిచే వాద్యాలు. అరమాయిక్ మూలంలో వాటిలో కొన్నింటి పేర్లు గ్రీకు భాష నుండి అరువు వచ్చినవి. వాటిలో ఒకదానిని తెలుగు అనువాదకులు సుంఫోనీయ అని అలాగే ఉంచేశారు. 150వ కీర్తనలో తంతి వాద్యాలు, ఊదే వాద్యాలు దేవుని స్తుతికి పిలువబడ్డాయి. తంతి చేసిన పాపమూ లేదు, పుణ్యమూ లేదు.

తెలుగు బైబిలులో ఇంకొక సంగతి గమనింపదగినది. నిర్గమకాండము 15వ అధ్యాయంలో ఎర్రసముద్రం దాటాక మిర్యాము చేతబట్టినది హెబ్రీలో "తోఫ్". అది గుండ్రని చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించే వాద్యం. మన వాడుక బైబిలులో దానిని తంబుర అన్నారు. తెలుగువానికి తంబుర అంటే శ్రుతి కోసం మీటే తంతి వాద్యం. గుండ్రని చట్రానికి తోలు బిగించిన వాద్యం తెలుగునేల మీద లేదా? ప్రతి పల్లెలోనూ ఉంది. దాని పేరు డప్పు. అనువాదకుల కారణం ఏదైనా, ఫలితం మాత్రం ఒకటే. విడుదల పొందిన బానిసల మధ్య ఒక స్త్రీ వాయించిన తోలు వాద్యం, ఆ వాద్యం తెలిసిన జనం చదివే గ్రంథంలో, సభా మర్యాద గల తంతి వాద్యంగా మారిపోయింది.

డప్పు విషయంలో జాగ్రత్త

ఇక్కడ తొందరపడి, ఐనుల ముక్కురి లాగానే మన డప్పును కూడా మిషనెరీలు లాగివేశారు అని వ్రాయడం వాడుకగా మారింది. ఈ వ్యాసకర్త దానితో పూర్తిగా ఏకీభవించడు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య వంటివారి ద్వారా మాదిగ పల్లెలలోకి సువార్త వెళ్ళినప్పుడు, క్రొత్త విశ్వాసులు గ్రామదేవత జాతరలలో డప్పు కొట్టడానికి నిరాకరించారు. అందుకు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. వారు నిరాకరించినది సంగీతాన్ని కాదు. తమ ఇష్టంతో నిమిత్తం లేకుండా, ఊరు పిలిస్తే వెళ్ళి కొట్టవలసిన వెట్టిని. ఆ నిరాకరణను సంస్కృతిని కోల్పోవడంగా మాత్రమే చదివితే ఆ తరం ధైర్యాన్ని అవమానించినట్లే.

ముక్కురిని ఎవరూ బలవంతంగా వాయింపజేయలేదు. ఐను స్త్రీ తనకు తోచినప్పుడు తన నోటితో వాయించుకున్నది. కనుక రెండింటికీ ఒకే తీర్పు చెల్లదు. వాద్యం ఏ మతానిది అని అడగడానికి ముందు, దానిని ఎవరు ఎవరి కోసం మ్రోగించారు, మ్రోగించేవారికి కాదనే హక్కు ఉన్నదా అని అడగాలి. ఆ ప్రశ్న అడిగితే 19వ శతాబ్దపు విశ్వాసి డప్పును క్రింద పెట్టడమూ, తరువాతి కాలంలో దళిత క్రైస్తవులు దానిని తిరిగి చేతబట్టడమూ పరస్పర విరుద్ధమైనవి కావని అర్థమవుతుంది. 1998లో ప్రచురించిన గ్రంథంలో సత్యనాథన్ క్లార్క్ గారు తమిళనాడులోని పరయర్ల తోలు వాద్యాన్ని క్రీస్తును గూర్చిన ఆలోచనకు ఆధారంగా తీసుకున్నారు. ఆ ఆలోచన మన కళాశాలలలో చాలా చర్చకు వచ్చింది. కాని తరగతిలో డప్పు దైవశాస్త్రం వ్రాసి ఉత్తీర్ణులైన విద్యార్థి ఆదివారం ఆరాధనలో రిథమ్ ప్యాడ్ మీదనే ఆధారపడుతున్నాడు. డప్పు శబ్దాన్ని కూడా అందులోని మీట నొక్కి తెప్పిస్తున్నాడు.

ఆచరణలో

ముక్కురిని మన ఆరాధనలోకి తెమ్మని ఈ వ్యాసం చెప్పడం లేదు. అది ఐనులది. 2020లో షిరవొయిలో తెరచిన ఉపొపొయ్ జాతీయ మ్యూజియంలోనూ, అకన్ సరస్సు దగ్గరి ఐను పల్లెలోనూ సందర్శకులు దానిని వినవచ్చు, కొనుక్కోవచ్చు. ఒక వింత వస్తువుగా దానిని క్రిస్మసు కార్యక్రమంలో ప్రదర్శించడం వారికీ గౌరవం కాదు, మనకూ ఉపయోగం కాదు.

వేదాంత విద్యలో సంగీత పాఠం ఉన్నచోట, వాయించడం నేర్పే గంటలలో కొన్నింటిని చేయడం నేర్పడానికి కేటాయించవచ్చు. డప్పుకు చట్రం వంచి, తోలు నానబెట్టి, బిగించి, మంట మీద కాచి శ్రుతికి తేవడం తెలిసినవారు ఇంకా పల్లెలలో ఉన్నారు. పిల్లనగ్రోవికి రంధ్రాలు కాల్చగలవారు ఉన్నారు. వెదురు గుణం తెలిసిన మేదర కుటుంబాలు ఉన్నాయి. ప్లాస్టిక్ బుట్టలు వచ్చాక వారి పిల్లలలో చాలామంది కత్తి పట్టడం మానివేశారు. వారిని కళాశాలకు పిలిచినప్పుడు చెట్టు క్రింద కూర్చోబెట్టి, పని అయ్యాక భోజనం పెట్టి పంపివేయడం కాదు. తరగతి గదిలోకి ఆహ్వానించి, అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే గౌరవ వేతనమే వారికీ ఇవ్వాలి. మొదటి రోజు విద్యార్థులకు చిన్న కత్తి, ఆరిన వెదురు దబ్బ ఇస్తే చాలు. దబ్బలు మాత్రం విద్యార్థుల సంఖ్యకు మూడు రెట్లు సిద్ధం చేసుకోవాలి, చాలావరకు మొదటి చీలిక దగ్గరే విరుగుతాయి.